ఆగని ఫౌంటెన్ అంటూ ఉండదు

గౌరవనీయులైన సంపాదకులకు,

మీ పత్రిక పిల్లల పేజీలో ఇటీవల ఇంట్లో ఫౌంటెన్ తయారుచేసుకునే విధానం వచ్చింది. దాన్ని చదివి, అందులో చెప్పినట్టే చేసి, చివరకు తప్పు తనదేననుకుని కంటతడి పెట్టుకున్న ఏడో తరగతి పిల్ల తరఫున ఈ ఉత్తరం రాస్తున్నాను. ఆ పిల్ల నా మనవరాలు. మూడు ప్లాస్టిక్ సీసాలు, మూడు సన్నని గొట్టాలు, అతుకులు పూడ్చే ఎం-సీల్ ముద్ద కాస్త ఉంటే కరెంటుతో పని లేకుండా, ఒకసారి మొదలైతే ఇక ఆగని ఫౌంటెన్ సిద్ధమవుతుందని అందులో రాశారు. పర్లాకిమిడిలో ముప్పై ఏళ్లు పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పి విశ్రాంతి తీసుకుంటున్న నాకు, ఆ 'ఆగని' అన్న మాట దగ్గరే అభ్యంతరం.

ఈ అమరిక కొత్తది కాదు. క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో ఈజిప్టులోని అలెగ్జాండ్రియా నగరంలో ఉన్న హెరాన్ అనే శాస్త్రజ్ఞుడి పేరుతో దీన్ని నేటికీ బడుల్లో చేసి చూపిస్తారు. పైన మూత లేని పళ్లెం, దాని కింద నీళ్లు నింపి బిగించిన సీసా, అన్నిటికంటే కింద గాలి తప్ప మరేమీ లేని సీసా ఉంటాయి. పళ్లెంలో పోసిన నీళ్లు ఒక గొట్టం గుండా అడుగు సీసాలోకి దిగుతాయి. అక్కడి గాలికి చోటు చాలక రెండో గొట్టం గుండా నడిమి సీసాలోకి ఎక్కుతుంది. ఆ గాలి నొక్కుడుకు నడిమి సీసా నీళ్లు మూడో గొట్టం గుండా పైకి చిమ్ముతాయి. చూసేవారికి పళ్లెంలో పడిన నీళ్లే తిరిగి లేస్తున్నాయన్న భ్రమ కలుగుతుంది గాని, నిజానికి పైకి లేచేవి నడిమి సీసా నీళ్లు. పళ్లెంలోంచి దిగిపోయినవి అడుగు సీసాలో చేరి అక్కడే ఉండిపోతాయి. పల్లానికి దిగే నీటి బరువే ఎగిరే నీటికి బలం కనుక, దిగడానికి చోటు లేకపోయినా, ఎగరడానికి నీళ్లు లేకపోయినా ఆట ముగిసినట్టే.

మా వరండాలో జరిగింది చెబుతాను. లీటరు సీసాలు, అక్వేరియం దుకాణంలో కొన్న గొట్టం, కొసన ఖాళీ బాల్‌పెన్ను రీఫిల్ ముక్క. మొదటి రోజు చుక్క కూడా లేవలేదు. మూతల చుట్టూ సబ్బునురగ రాసి చూస్తే, అతుకు దగ్గర ఆవగింజంత బుడగలు ఒకదాని వెంట ఒకటి ఊరుతున్నాయి. సీసా మూతల ప్లాస్టిక్‌కు ఎం-సీల్ సరిగా అంటుకోదు. గట్టిపడ్డాక గోటితో గీకితే పెచ్చులా ఊడివస్తుంది. గరుకు కాగితంతో మూతను బాగా రుద్ది, గొట్టం కంటే కొంచెం చిన్న రంధ్రం చేసి గొట్టాన్ని బిగువుగా దూర్చాకే దాన్ని పూయాలి. ఈ సంగతి మీరు రాయలేదు. అంతకంటే పెద్ద పొరపాటు మీ బొమ్మలో ఉంది. అడుగు సీసా నుంచి వచ్చే గాలి గొట్టం కొస నడిమి సీసాలో నీటి మట్టానికి పైన ఉండాలి. మీ చిత్రకారుడు దాన్ని నీళ్లలో ముంచి గీశారు. అలా పెడితే గాలి పైకి రావడానికి బదులు నడిమి సీసా నీళ్లే ఆ గొట్టం వెంట కిందికి జారిపోతాయి. నా మనవరాలి సీసాలో సరిగ్గా అదే జరిగింది.

ఇవన్నీ సరిచేశాక నీటి ధార జానెడు ఎత్తు లేచింది. పిల్ల చప్పట్లు కొట్టింది. అయితే నిమిషం నిమిషానికీ ధార కుంగుతూ వచ్చింది, ఎందుకంటే అడుగు సీసాలో మట్టం పెరిగేకొద్దీ నీళ్లు దిగే లోతు తగ్గుతుంది, నడిమి సీసాలో మట్టం తగ్గేకొద్దీ నీళ్లు ఎక్కవలసిన ఎత్తు పెరుగుతుంది. బెత్తెడైంది, రెండు వేళ్లైంది, రెండుసార్లు దగ్గినట్టు గాలి కక్కి ఆగిపోయింది. గడియారం చూస్తే నాలుగు నిమిషాలు దాటలేదు. "తాతయ్యా, పేపర్లో ఆగదని రాశారు కదా, నేనేం తప్పు చేశాను?" అని అడిగింది. అచ్చులో వచ్చిన మాటకు పిల్లలిచ్చే విలువ అది. నాలుగు నిమిషాలని మీరు ముందే రాసి ఉంటే ఆ నాలుగు నిమిషాలూ ఆమెకు పండుగే అయ్యేవి.

ఇక్కడ ఒక చిన్న పక్కమాట. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరివాళ్లం కాబట్టి మాటల పట్టింపు మాకు కాస్త ఎక్కువే. ఫౌంటెన్ అన్న మాటతో పేచీ లేదు, అందరికీ తెలిసిందే. కాని 'నాజిల్' అని మీరు రాసినదానికి చక్కని 'చిమ్మనగ్రోవి' మనకు ఉండనే ఉంది.

రోజూ సాయంత్రం వాకిట్లో నీటి చప్పుడు వినాలనుకునేవారికి సీసాలు కాదు, పంపు కావాలి. కూలర్లలో వాడే 18 వాట్ల చిన్న పంపును రోజుకు ఆరు గంటల చొప్పున నెలంతా తిప్పినా ఖర్చయ్యేది మూడుంపావు యూనిట్లే. పెట్టె మీద ఇంత ఎత్తు అని అచ్చువేసేది నీరు ఆ ఎత్తుకు చేరి అక్కడ ఆగిపోయే హద్దు. అందులో సగం ఎత్తుకు సరిపెట్టుకుంటేనే ధార నిండుగా ఉంటుంది. పళ్లెం వెడల్పు ధార ఎత్తుకు కనీసం రెట్టింపు ఉండాలి, లేకుంటే చిన్న గాలికే నీళ్లు గచ్చు మీద పడి తొట్టి ఖాళీ అవుతుంది. నేను కుమ్మరి దగ్గర మూడు మూకుళ్లూ ఒక వెడల్పాటి తొట్టీ కొని ఒకదాని మీద ఒకటి పేర్చి, మహేంద్రతనయ ఒడ్డున ఏరిన గులకరాళ్లు పరిచి మురిసిపోయాను. పూత లేని మట్టిపాత్ర నీళ్లు పీల్చి చెమర్చుతుందన్న సంగతి, ఎండాకాలం కుండనీళ్లు తాగుతూ పెరిగిన నాకు, ఆ వేళ తట్టలేదు. రాత్రి ఆపడం మరిచాను; తెల్లవారేసరికి తొట్టిలో నీరు పంపు మట్టానికి దిగువకు పోయి, నీళ్లు లేకుండా తిరిగి పంపు కాలిపోయింది. రెండోసారి తొట్టి లోపల సిమెంటు పాలు రెండు పూతలు పూసి, బాగా ఆరనిచ్చి, మూడు రోజులు నీళ్లు మార్చాక గాని పంపు పెట్టలేదు. బోరు నీళ్లైతే చిమ్మనగ్రోవి చుట్టూ తెల్లని సున్నపు పొర కడుతుంది. ఇత్తడి బిందెలు తోమే చింతపండు పులుసే దానికీ సరిపోతుంది.

నీళ్లూ కరెంటూ ఒకచోట చేరినప్పుడు రాయక తప్పని మాటలు కొన్ని ఉన్నాయి. పంపు తీగ ప్లగ్గు దగ్గరకు వెళ్లేముందు కిందికి ఒక వంపు తిరగాలి, అప్పుడు తీగ వెంట జారిన నీటిబొట్టు ఆ వంపులోనే రాలిపోతుంది, ప్లగ్గులోకి పోదు. ఆ లైనుకు మంచి ఎర్తింగూ, 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే కరెంటును తెంచే ఆర్‌సీసీబీ పరికరమూ ఉండాలి. తొట్టిలో చెయ్యి పెట్టేముందు స్విచ్చి ఆపడమే కాదు, ప్లగ్గు ఊడదీయాలి.

మీ వ్యాసంలో ఒక్క ముక్కైనా లేనిది దోమల సంగతి. గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాలవాళ్లకు మలేరియా ఏమిటో ఒకరు చెప్పనక్కర్లేదు. డెంగీని మోసే దోమ అయితే మురుగు వెతుక్కోదు, ఇలాంటి శుభ్రమైన నిలవ నీళ్లనే కోరుకుంటుంది. నీరు కదులుతున్నంతసేపు భయం తక్కువ. పంపు ఆపి పెళ్లికని పది రోజులు ఊరెళ్తే, గుడ్డు నుంచి రెక్కల దోమ దాకా అయ్యే పని ఆ లోపలే అయిపోతుంది. వారానికొకసారి నీళ్లు పారబోస్తే సరిపోదు; గుడ్లు తొట్టి గోడకు నీటి అంచున అంటుకుని ఉంటాయి, ఎండినా నెలల తరబడి చావవు, తిరిగి నీళ్లు తగలగానే పొదుగుతాయి. అందుకే కొబ్బరి పీచుతో గోడలు గట్టిగా తోమాలి. సీసాల ఫౌంటెన్ కూడా ఆట అయ్యాక నీళ్లతో అలమరలో పెట్టదగింది కాదు.

చివరగా నా కోరిక. వచ్చే ఆదివారం అదే పేజీలో గాలి గొట్టాన్ని సరిదిద్దిన బొమ్మను, ఫౌంటెన్ ఆడేది కొద్ది నిమిషాలేనన్న వాక్యంతో కలిపి ప్రచురించగలరు. నా మనవరాలు గత వారం అడుగు సీసాను పీట మీది నుంచి నేల మీదికి దించి, గొట్టాలు పొడిగించి, ధార ఎత్తు ఎంత పెరిగిందో, ఎంతసేపు ఆడిందో కొలిచి రాసుకుంది. ఎత్తు పెరిగింది, ఆడే సమయం మాత్రం తగ్గింది. కారణం తనే కనిపెట్టాలన్న ఉద్దేశంతో దాన్ని నేను చెప్పలేదు. ఆ కాగితం నకలు దీనితో జతచేశాను, మీ చిత్రకారునికి పనికొస్తుంది.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా