ఫీజు కట్టేముందు ఆసుపత్రి చూసి రండి

సంపాదకులు గారికి నమస్కారం.

నీట్ ఫలితాలు వచ్చినప్పటి నుంచి మా కర్నూలులో రాజ్‌విహార్ సెంటర్ మొదలుకొని సి.క్యాంపు దాకా ఎక్కడ చూసినా విదేశీ ఎంబీబీఎస్ ఫ్లెక్సీలే. కజకిస్తాన్, కిర్గిజిస్తాన్, జార్జియా, ఉజ్బెకిస్తాన్ అంటూ వరసగా పేర్లు, కింద పెద్ద అక్షరాలతో "ఎన్‌ఎంసీ ఆమోదం ఉంది, ఇండియన్ ఫుడ్, డొనేషన్ లేదు" అని. ఎన్‌ఎంసీ అంటే మన దేశంలో వైద్య విద్యను నియంత్రించే జాతీయ వైద్య కమిషన్. ఇక్కడ సీటు రాని పిల్లల తల్లిదండ్రులు ఆ టెన్షన్‌లో ఏదో ఒక సెమినార్‌కు వెళ్లి, అక్కడ వేసిన వీడియో చూసి, వారం తిరక్కముందే అడ్వాన్సు కట్టేస్తున్నారు. దయచేసి అలా చేయకండి. ఇంట్లో ఒక్కరైనా వెళ్లి కాలేజీని కళ్లారా చూసి రండి. ఎమ్మిగనూరు సంతలో ఎద్దును కొనాలంటే పళ్లు చూసి, నాలుగడుగులు నడిపించి గానీ బేరం ఆడం కదా, పాతిక లక్షల పైన ఖర్చయ్యే చదువుకు ఫోన్‌లో వీడియో చూసి సరే అనడం ఎలా?

మా మేనకోడలి కోసం మా బావ, నేను కజకిస్తాన్‌లోని ఆల్మటీ నగరానికి వెళ్లొచ్చాం. 2022 జులై నుంచి మన దేశం వాళ్లు వీసా లేకుండానే కజకిస్తాన్ వెళ్లి 14 రోజుల దాకా ఉండొచ్చు. ఈ సంగతి కన్సల్టెన్సీ వాళ్లు మాకు చెప్పలేదు, "మీరెందుకు సార్ అంత దూరం, మేమున్నాం కదా" అన్నారు. వెళ్లి తీరతామని గట్టిగా అన్నాక అక్కడ వాళ్ల మనిషిని మాకు తోడిచ్చారు. ఆయన మర్యాదగానే చూసుకున్నాడు. హాస్టల్ గదులు శుభ్రంగా, వెచ్చగా ఉన్నాయి, మెస్‌లో అన్నం, సాంబారు పెట్టారు. బొమ్మల మీద ఇంజెక్షన్లు, కుట్లు నేర్పే ల్యాబ్ చూపించి, ఫొటోలు తీసుకోమన్నాడు. "ఆసుపత్రి ఎక్కడండీ?" అని మా బావ అడిగితే, అది మూడో ఏడాది నుంచి కదా సార్, రేపు చూద్దాం అన్నాడు. మర్నాడు కూడా అదే మాట. ఇక లాభం లేదని మేమే యాండెక్స్ ట్యాక్సీ పిలుచుకుని వెళ్లాం.

వార్డుల్లోకి మమ్మల్ని రానివ్వలేదు, అది సరైన పద్ధతే, రోగుల దగ్గరికి ఎవరిని పడితే వాళ్లను ఎందుకు పంపుతారు. కానీ గేటు దగ్గర తెలుగు పిల్లలు కనిపించారు, మా మాట వినగానే వాళ్లే దగ్గరికొచ్చారు. క్లాసులు ఇంగ్లిషులోనే జరుగుతాయట, రోగులు మాత్రం కజక్‌లోనో రష్యన్‌లోనో మాట్లాడతారు. రష్యన్ సరిగ్గా రాని పిల్లలు గుంపులో వెనక నిలబడి చూడటం తప్ప, నొప్పి ఎప్పటినుంచి ఉందో కూడా రోగిని అడగలేరు. మొదటి ఏడాది నుంచి పట్టుబట్టి రష్యన్ నేర్చుకున్న ఒక అమ్మాయి మాత్రం తానే రోగులతో మాట్లాడి వివరాలు రాసుకుంటున్నానని చెప్పింది, ఆ అమ్మాయిని చూస్తే నిజంగా ముచ్చటేసింది. మన కర్నూలు మెడికల్ కాలేజీ 1957లో మొదలైంది, దానికి అంత పేరు రావడానికి పక్కనున్న పెద్దాసుపత్రే కారణమని నా నమ్మకం. నంద్యాల, ఆదోని నుంచే కాదు, గద్వాల, రాయచూరు వైపు నుంచి కూడా జనం వస్తారు. ఆ ఓపీ దగ్గర రోజూ నిలబడే విద్యార్థికి, బొమ్మ మీద నేర్చుకుని తిరిగొచ్చే విద్యార్థికి ఎంత తేడా ఉంటుందో డాక్టర్లను అడిగితే చెబుతారు.

కాగితాలు కూడా అక్కడే అడిగి చూడాలి. 2021 నవంబరులో ఎన్‌ఎంసీ తెచ్చిన నిబంధనల ప్రకారం కోర్సు కనీసం 54 నెలలు ఉండాలి, ఆపైన 12 నెలల ఇంటర్న్‌షిప్ అదే విశ్వవిద్యాలయంలో చేయాలి, బోధన ఇంగ్లిషులో సాగాలి, చదివిన దేశంలో అక్కడి పౌరులతో సమానంగా ప్రాక్టీసు చేసే అర్హత కూడా రావాలి. అంటే తక్కువలో తక్కువ అయిదున్నరేళ్లు. "ఇంటర్న్‌షిప్‌తో కలిపి అయిదేళ్లే" అని ఎవరైనా అంటే అక్కడే లేచి వచ్చేయండి. ఇక ఎన్‌ఎంసీ ఆమోదం అనే మాట, విదేశీ కాలేజీలకు అలాంటి ఆమోదిత జాబితా ఏదీ ఎన్‌ఎంసీ దగ్గర లేనే లేదు! ఫ్లెక్సీల మీద అంత ధైర్యంగా ఎలా రాస్తున్నారో, ఎవరూ ఎందుకు అడగడం లేదో నాకు అర్థం కాదు.

తిరిగొచ్చాక ఎఫ్‌ఎంజీఈ ఉంటుంది, అంటే విదేశాల్లో ఎంబీబీఎస్ చదివినవాళ్లు ఇక్కడ ప్రాక్టీసు చేయాలంటే పాసవ్వాల్సిన పరీక్ష. 300 మార్కులకు 150 రావాలి. రాసేవాళ్లలో ఎక్కువమంది తప్పుతున్నారు, ఇది అందరికీ తెలిసిందే, అయినా ఇది పిల్లల తెలివికి సంబంధించిన సమస్య అంటే నేను ఒప్పుకోను. రోగిని ముట్టుకోకుండా ఏళ్లు గడిపిన బిడ్డ ఆ పరీక్షలో ఏం రాస్తుంది? ఏ కాలేజీ నుంచి ఎంతమంది రాశారు, ఎంతమంది పాసయ్యారు అన్న పట్టికలు పరీక్ష పెట్టే బోర్డే బయటపెట్టింది. కన్సల్టెన్సీలో ఆ కాగితం ముందుపెట్టి మాట్లాడమనండి.

ఆల్మటీలోనే ఇంకో విశ్వవిద్యాలయానికి ఏజెంటు లేకుండా వెళ్లాం. అక్కడి విదేశీ విద్యార్థుల విభాగంలో ఒక మేడమ్ ఓపిగ్గా కూర్చుని ఏ ఏడాది ఏ ఆసుపత్రిలో శిక్షణ ఉంటుందో, రష్యన్‌కు వారానికి ఎన్ని క్లాసులో కాగితం మీద రాసిచ్చారు. ఫీజు కూడా నేరుగా విశ్వవిద్యాలయం ఖాతాకే కట్టొచ్చట, ఇక్కడ మాకు చెప్పిన లెక్కకూ దానికీ చాలా తేడా ఉంది. అందుకే విదేశాల్లో ఎంబీబీఎస్ అంతా మోసమే అని నేను అనను. చూసుకుని వెళ్తే మంచివీ ఉన్నాయి.

అందరూ టికెట్ పెట్టుకుని వెళ్లలేరు, నాకు తెలుసు. అలాంటివాళ్లు నాలుగైదు కుటుంబాలు కలిసి ఒకరిని పంపుకోవచ్చు. అదీ కుదరకపోతే అక్కడ చదివి వచ్చిన పిల్లలు మన జిల్లాలోనే ఉన్నారు, ఏజెంటు ఇచ్చిన నంబర్లు వదిలేసి వాళ్లను వెతికి అడగండి. జిల్లా కలెక్టర్ గారు నీట్ కౌన్సెలింగ్ మొదలయ్యేలోపు మెడికల్ కాలేజీలో ఒక పూట ఇలాంటి పిల్లలను, ఇక్కడి ప్రొఫెసర్లను కూర్చోబెట్టి తల్లిదండ్రులతో మాట్లాడిస్తే ఎన్నో ఇళ్లు నిలబడతాయి. మీ పత్రికకు నా విన్నపం ఒకటుంది. జిల్లా పేజీలో ఈ కన్సల్టెన్సీల ప్రకటనలు వేసే రోజుల్లోనే ఆ ఎఫ్‌ఎంజీఈ పట్టికను కూడా, తెలుగులో, చదవడానికి వీలైనంత పెద్ద అక్షరాలతో ప్రచురించండి.

ఇట్లు,
ఒక మేనమామ,
కల్లూరు, కర్నూలు