ప్యాకేజీలు సరే, నిర్ణయాలు ఎవరు తీసుకుంటారు?

ఎడిటర్ గారికి,

బీఎస్ఎన్ఎల్ గురించి ఎప్పుడు వార్త వచ్చినా కేంద్రం ఎన్ని కోట్లు ఇచ్చిందన్నదే హెడ్డింగ్. 2019లో దాదాపు 69 వేల కోట్లు, 2022లో 1.64 లక్షల కోట్లు, 2023లో ఇంకో 89 వేల కోట్లు. ఇవన్నీ చదివితే డబ్బు లేకే ఆ సంస్థ వెనకబడిందేమో అనిపిస్తుంది. నేను మాత్రం ఒప్పుకోను.

అసలు దానికి లేనిదేంటి? పల్లెలదాకా కేబుల్, ఊరి నడిబొడ్డున ఎక్స్ఛేంజీ స్థలాలు, టవర్లు, పని తెలిసిన లైన్‌మన్లు, అన్నీ ఉండేవి. 3జీ స్పెక్ట్రమ్ (మొబైల్ సిగ్నళ్లు నడిచే రేడియో తరంగాలు) అయితే ప్రైవేటు కంపెనీలు 2010లో వేలంలో కొనుక్కోక ముందే చేతికొచ్చింది, 2009లోనే సర్వీసూ మొదలుపెట్టారు. కానీ పరికరాల టెండర్లే తెమల్లేదు. 4.55 కోట్ల లైన్లకు, అంటే అన్ని మొబైల్ కనెక్షన్లకు సరిపడే పరికరాలకు, పిలిచిన టెండరు కోర్టుకెక్కి చివరికి సగానికి తగ్గింది, ఆ తర్వాత 9.3 కోట్ల లైన్లకు పిలిచింది 2010లో రద్దే అయిపోయింది. జనం సెల్‌ఫోన్ కనెక్షన్ల కోసం ఎగబడుతున్న రోజులవి!

2016లో జియో వచ్చింది. బీఎస్ఎన్ఎల్ దేశవ్యాప్త 4జీ ప్రారంభమైంది 2025 సెప్టెంబరులో. స్వదేశీ పరికరాలే వాడాలన్న షరతు వల్ల ఆలస్యమైందంటారు. ఆ స్వదేశీ 4జీ వ్యవస్థను తయారుచేసిన టీసీఎస్, తేజస్, సీ-డాట్ సంస్థల పని గొప్పదే, కాదనను, కానీ పక్క కంపెనీలకు లేని షరతు దీనికొక్కదానికే పెట్టి, మళ్లీ పోటీలో ఓడిపోయిందని దాన్నే తిట్టడం ఏం న్యాయం?

ఇంకోటి ఎవరూ మాట్లాడరు. 2020 జనవరిలో 78 వేల మందికి పైగా ఉద్యోగులు వీఆర్ఎస్ (స్వచ్ఛంద పదవీ విరమణ) తీసుకుని ఒకేసారి వెళ్లిపోయారు. జీతాల ఖర్చు తగ్గిందని సంబరపడ్డాం. ఏ కేబుల్ ఎక్కడ పాతారో, ఎక్కడ తెగుతుందో తెలిసిన మనుషులు కూడా వాళ్లే కదా, ఆ ఆస్తి ఏ బ్యాలెన్స్ షీటులోనూ కనిపించదు.

2024 జూలైలో ప్రైవేటు కంపెనీలు రేట్లు పెంచగానే లక్షల మంది బీఎస్ఎన్ఎల్‌కి పోర్ట్ అయ్యారు. కస్టమరు తనంతట తానే గుమ్మంలోకొస్తే, 4జీ ఇంకా అన్నిచోట్లా లేక కొన్ని నెలలకే ఆ ఊపు చల్లారింది.

కాబట్టి ఇకమీదట కొనుగోళ్లు, ప్లాన్ల రేట్లు, ఖాళీ స్థలాల అద్దెలు ఒక పరిమితి వరకు సర్కిల్ (రాష్ట్ర స్థాయి) ఆఫీసుల్లోనే తేల్చేలా అధికారం ఇవ్వాలి. మీ విలేకరులు కూడా ఈసారి మంత్రిగారిని కోట్ల సంగతి వదిలేసి, టెండరు పిలిచిన రోజు నుంచి టవర్ మీదికి పరికరం ఎక్కేదాకా ఎన్ని నెలలు పడుతోందో అడిగి రాయండి.

– ఒక పాఠకుడు, తెనాలి