ఇకపై మా పవర్ ట్రాన్స్‌ఫార్మరు ఎర్త్ బోల్టుతోనే వస్తుంది

ఇంట్లో వాల్వ్ యాంప్లిఫైయరు (గాజు వాల్వులతో పాటల శబ్దాన్ని పెంచే పరికరం) కట్టుకోవడానికి మా దగ్గర పవర్ ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టించుకుంటున్న వారందరికీ, అనంతపురం క్లాక్ టవర్ సమీపంలోని మా వైండింగ్ షాపు తరఫున ఈ విషయాలు తెలియజేస్తున్నాము. వచ్చే నెల నుంచి 230 వోల్టుల పవర్ ట్రాన్స్‌ఫార్మరును తీగలు బయటికి వదిలి విడిగా అమ్మడం మానుకుంటున్నాము. త్రీపిన్ ఇన్‌లెట్ సాకెట్టు, ఫ్యూజు హోల్డరు, ఫేజును న్యూట్రల్‌నూ ఒకేసారి తెంచే డబుల్ పోల్ స్విచ్చి, ఎర్త్ బోల్టు ఒక ఇనుప పలకపై బిగించి, ప్రైమరీ (మెయిన్స్ కరెంటు అందుకునే చుట్టు) వైపు కనెక్షన్లన్నీ మేమే ఇచ్చి, పరీక్షించిన తరువాతే పంపుతాము. ఒక్కొక్క ట్రాన్స్‌ఫార్మరుపై రూ.650 పెరుగుతుంది. అందులో కొంత రాగి తీగ ధర పెరగడం వల్ల, మిగిలినది ఈ సామగ్రి వల్ల. ఇదే సామగ్రి బెంగళూరు ఎస్పీ రోడ్డులో మీకు ఇంతకన్నా చవకగా దొరకవచ్చునని మాకూ తెలుసు. అయినా ఈ నిర్ణయానికి ఎందుకు వచ్చామో వివరంగా చెప్పడం మా బాధ్యత.

మాకు తరచుగా వచ్చే ఫోన్లలో ఒకటి ఇలా ఉంటుంది: యాంప్లిఫైయరు పూర్తయింది, స్పీకరులో గుయ్యిమని హమ్ వస్తున్నది, ప్లగ్గులో ఎర్త్ తీగ పీకేస్తే ఆ శబ్దం పోయింది, ఇలాగే వాడుకోవచ్చా? వాడకూడదు. ఎర్త్ తీగ తీసినప్పుడు హమ్ పోయిందంటే, యాంప్లిఫైయరుకూ దానికి పాటలు అందిస్తున్న కంప్యూటరుకో మరో పరికరానికో ఎర్త్ రెండు దారుల్లో కలిసి ఒక వలయం ఏర్పడిందని అర్థం. ఆ వలయాన్ని తెంచవలసిన చోటు ప్లగ్గు కాదు. ఛాసిస్‌ను, అంటే యాంప్లిఫైయరు లోహపు చట్రాన్ని, ఎర్త్‌కు గట్టిగా బిగించి ఉంచి, సిగ్నల్ గ్రౌండు (పాట సంకేతం తిరిగి వచ్చే) తీగలన్నింటినీ ఒకే బిందువుకు చేర్చి, ఆ బిందువుకూ ఛాసిస్‌కూ మధ్య 10 ఓముల రెసిస్టరును, దానికి సమాంతరంగా 35 ఆంపియర్ల బ్రిడ్జ్ రెక్టిఫయరును పెడితే హమ్ తగ్గుతుంది, రక్షణ కూడా మిగులుతుంది. రెసిస్టరు మామూలు సమయంలో వలయపు కరెంటును అణిచిపెడుతుంది. లోపల ఎక్కడైనా షార్టయితే బ్రిడ్జిలోని డయోడ్లు ఆ పెద్ద కరెంటుకు దారి ఇస్తాయి. ఈ రెండు భాగాలనూ ఇకపై ప్రతి పెట్టెలో ఉచితంగా వేస్తాము, ఎర్త్ పీకడానికి సాకు మిగలకూడదన్నదే ఉద్దేశం.

ఎర్త్ గురించి మన జిల్లావారికి ప్రత్యేకంగా చెప్పవలసిన సంగతి ఒకటుంది. ఇక్కడ వానలు తక్కువ, నేల పొడి. వేసవి ముదిరేసరికి ఇంటి పక్కన ఎర్త్ గుంత పూర్తిగా ఎండిపోయి, దాని నిరోధం విపరీతంగా పెరుగుతుంది. ఆ నిరోధం 50 ఓములు ఉన్నప్పుడు ఫేజు తీగ ఛాసిస్‌కు తగిలితే సుమారు 4.6 ఆంపియర్లు ప్రవహించి 1 ఆంపియరు ఫ్యూజు పోతుంది. అదే 500 ఓములు ఉంటే పారేది 0.46 ఆంపియరు మాత్రమే కాబట్టి ఫ్యూజు నిలిచే ఉంటుంది, ఛాసిస్‌పై కరెంటు కూడా అలాగే నిలిచి ఉంటుంది. అందువల్ల ఎర్త్ గుంతలో నీళ్లు పోస్తుండడంతోపాటు, యాంప్లిఫైయరు పెట్టే గదికి 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకయితే సరఫరాను తెంచే స్విచ్చి) తప్పక పెట్టించుకోవాలని కోరుతున్నాము. అయితే ఆర్‌సీసీబీ ఉన్నది కదా అని ధీమా పడకూడదు. ట్రాన్స్‌ఫార్మరు సెకండరీ (యాంప్లిఫైయరుకు కరెంటు ఇచ్చే చుట్టు) వైపు విద్యుత్తు మెయిన్స్ నుంచి వేరుపడి ఉంటుంది కనుక, మీ వేలు 350 వోల్టుల హెచ్‌టీ (హై టెన్షన్, అంటే వాల్వులకు వెళ్లే ఎక్కువ వోల్టేజి) తీగను తాకినా ఆర్‌సీసీబీకి ఆ సంగతి తెలియదు, అది తెంచదు.

తీగల రంగుల విషయంలో కలిగే గందరగోళం మా నిర్ణయానికి రెండవ కారణం. మన ఇళ్ల పాత వైరింగులో ఎరుపు ఫేజు, నలుపు న్యూట్రల్, ఆకుపచ్చ ఎర్త్. ఇప్పుడు పరికరాలతో వచ్చే త్రీపిన్ వైరులో గోధుమరంగు ఫేజు, నీలం న్యూట్రల్, ఆకుపచ్చ పసుపు చారలది ఎర్త్. వాల్వ్ యాంప్లిఫైయర్ల సర్క్యూట్లలో చాలావరకు అమెరికా పద్ధతిని అనుసరించినవి కావడంతో, వాటిలో నలుపు రెండూ ప్రైమరీ, ఎరుపు రెండూ హెచ్‌టీ, ఎరుపు పసుపు చారలది దాని సెంటర్ ట్యాప్ (చుట్టు మధ్య నుంచి తీసిన తీగ), పసుపు 5 వోల్టులు, ఆకుపచ్చ 6.3 వోల్టుల హీటరు (వాల్వు లోపల వేడెక్కే తీగ). ఇంటి వైరింగు మాత్రమే తెలిసినవారు ఆ సర్క్యూటు చూసి ఆకుపచ్చ తీగను ఛాసిస్‌కు, ఎరుపు తీగను ఫేజుకు కలపడానికి ఎంతో సేపు పట్టదు. అందుకే ఇకపై రంగులపై ఆధారపడకుండా, ప్రతి తీగకూ వోల్టేజి అచ్చువేసిన స్లీవు తొడుగుతాము. ప్రైమరీ మా చేతిమీదుగానే కలిసి ఉంటుంది కాబట్టి, కింద చెప్పిన ట్యాపు మార్పుకు తప్ప, మీరు ముట్టుకోవలసిన అవసరమే ఉండదు.

మా ప్రైమరీలో 230, 250 వోల్టులకు రెండు ట్యాపులు (చుట్టు నుంచి విడిగా తీసిన కొసలు) ఉంటాయి. పల్లెల్లో అర్ధరాత్రి మోటార్లు ఆగాక వోల్టేజి పెరిగే ఇళ్లకు రెండవది ఉపయోగపడుతుంది, లేకపోతే హీటర్లకు 6.3 వోల్టులకు మించి అంది వాల్వుల ఆయుష్షు తగ్గుతుంది. వాడని ట్యాపు ఖాళీగా ఉన్నట్టు కనిపించినా ఖాళీ కాదు. 230 ట్యాపుకు కరెంటు ఇచ్చినప్పుడు 250 కొసపై 250 వోల్టులు ఉంటాయి. దానిని కత్తిరించి వదలకుండా విడిగా స్లీవు వేసి మడిచి కట్టి పంపుతాము. ట్యాపు మార్చవలసి వస్తే వైరును సాకెట్టు నుంచి పూర్తిగా తీసివేసి మాత్రమే మార్చండి.

వైండింగు విషయానికి వస్తే, ప్రైమరీకి సెకండరీకి మధ్య రాగి రేకు ఒక పొర వేసి, దాని కొసలు ఒకదానికొకటి తగిలి షార్టు చుట్టుగా మారకుండా కాగితం పెట్టి, దాని తీగను ఎర్త్ బోల్టుకే కలుపుతున్నాము. ఎర్త్ బోల్టును ట్రాన్స్‌ఫార్మరు బిగించే బోల్టుతో కలపడం మా షాపులో నిషిద్ధం. ట్రాన్స్‌ఫార్మరు వేడెక్కి చల్లబడుతూ కంపిస్తుంటే ఆ నట్టు కాలక్రమేణా వదులవుతుంది. రంగు గీకి, నక్షత్రపు వాషరు వేసి, ఎర్త్‌కు ఒక బోల్టును విడిగా కేటాయించాలి. వార్నిషు ఆరిన తరువాత 500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ నిరోధం కొలిచే మీటరుతో) చూసి 100 మెగోములకు తగ్గినదాన్ని తిరిగి వేడి పెట్టెలో పెడతాము.

సెకండరీ వైపు పని మీదే. ఆ పనిలో ఒక క్రమం పాటించమని అడుగుతున్నాము. మొదట వాల్వులు పెట్టకుండా, 60 వాట్ల పాత తరహా ఫిలమెంటు బల్బును ఫేజులో సీరీస్‌గా కలిపి స్విచ్చి వేయండి, ఎల్‌ఈడీ బల్బు ఇందుకు పనికిరాదు. బల్బు క్షణం వెలిగి మసకబారితే కనెక్షన్లు సరే, ప్రకాశంగా వెలుగుతూనే ఉంటే ఎక్కడో షార్టు ఉంది. రేడియో మరమ్మతు చేసిన పాతవారందరికీ ఈ సీరీస్ బోర్డు పరిచితమే, కొత్తవారే దాన్ని అనవసరమని వదిలేస్తున్నారు. తరువాత బల్బు తీసి, హెచ్‌టీని సెంటర్ ట్యాపు నుంచి ఒక్కొక్క కొసకు కొలవండి. 250-0-250 ట్రాన్స్‌ఫార్మరులో రెండు కొసల మధ్య 500 వోల్టులు ఉంటాయన్నది గుర్తుంచుకోండి. లోడు లేనప్పుడు 250కి బదులు 270 చూపితే అది లోపం కాదు. అందుకే ఫిల్టరు కెపాసిటరు (హెచ్‌టీ విద్యుత్తును నునుపు చేసే భాగం) 350 వోల్టులది చాలదు: 270ని 1.414తో గుణిస్తే శిఖర వోల్టేజి 382 వస్తుంది, కాబట్టి 450 వోల్టులదే వాడాలి. రెండు సగాల నిరోధాన్ని మల్టీమీటరుతో కొలిస్తే బయటి సగానిది కొంచెం ఎక్కువ చూపుతుంది. బయటి చుట్ల పొడవు ఎక్కువ కావడమే కారణం, దానికోసం ట్రాన్స్‌ఫార్మరు వాపసు పంపనవసరం లేదు.

స్విచ్చి ఆపిన తరువాత కూడా కెపాసిటరులో విద్యుత్తు నిలిచి ఉంటుంది. 47 మైక్రోఫారడ్ల కెపాసిటరుపై 220 కిలోఓముల, 2 వాట్ల రెసిస్టరు శాశ్వతంగా కలిపి ఉంటే, 350 వోల్టులు 50కి దిగడానికి సుమారు 20 సెకన్లు పడుతుంది. పావు వాటు రెసిస్టరు అంత వోల్టేజికి తగినది కాదు. ఆ రెసిస్టరు ఉన్నా, మీటరు సున్నాకు దగ్గరగా చూపేదాకా చేయి పెట్టవద్దు.

ఫ్యూజు విషయంలో మాతో వాదించేవారు ఉన్నారు. 100 వీఏ (వోల్ట్ ఆంపియర్ల) ట్రాన్స్‌ఫార్మరు పూర్తి లోడులో 0.45 ఆంపియరు లోపే తీసుకుంటుంది, అయితే స్విచ్చి వేసిన క్షణంలో అంతకు అనేక రెట్లు లాగుతుంది. అందుకే 1 ఆంపియరు స్లో బ్లో ఫ్యూజు (క్షణకాలపు పెద్ద కరెంటును తట్టుకునేది) ఇస్తున్నాము. అది పోయిన చోట 5 ఆంపియర్లది వేసినట్టు గానీ, రాగి పోగు చుట్టినట్టు గానీ కనిపిస్తే, కాలిన ట్రాన్స్‌ఫార్మరుకు వారంటీ వర్తించదు. ఇది కఠినంగా అనిపించవచ్చు, మార్చే ఆలోచన మాత్రం లేదు.

ఇక గడువు సంగతి. మా షాపుకు ప్రధాన ఆదాయం బోరు మోటార్ల రివైండింగే. ఎండాకాలంలో రైతు మోటారు కాలితే చేను ఎండిపోతుంది, ఆ మోటారును పక్కన పెట్టి యాంప్లిఫైయరు ట్రాన్స్‌ఫార్మరు చుట్టడం మాకు సాధ్యం కాదు. కాబట్టి మార్చి నుంచి జూన్ వరకు ఇచ్చే ఆర్డర్లకు రెండు నెలల దాకా సమయం పట్టవచ్చు. తొందర ఉన్నవారు మరొకచోట చుట్టించుకున్నా మాకు అభ్యంతరం లేదు, ఎర్త్‌కు కలిపే రాగి పొర, మెగ్గర్ పరీక్ష గురించి మాత్రం అక్కడ అడిగి తెలుసుకోండి.

ఇప్పటికే అడ్వాన్సు ఇచ్చినవారికి పాత ధరకే కొత్త పలకతో పంపుతాము. గతంలో మా వద్ద విడి ట్రాన్స్‌ఫార్మరు తీసుకున్నవారు పలక మాత్రమే కావాలంటే సామగ్రి ధరకు ఇస్తాము. కట్టిన యాంప్లిఫైయరును షాపుకు తెస్తే ఎర్త్, ఫ్యూజు, ప్రైమరీ కనెక్షన్లను ఆదివారం ఉదయం రుసుము లేకుండా చూసిపెడతాము. తెచ్చేముందు వాల్వులు తీసి విడిగా చుట్టి తీసుకురండి.