గైడ్లు కాదు, తీర్పులు చదివించండి

సంపాదకులకు నమస్కారం.

మూడు దశాబ్దాలుగా విశాఖ కోర్టుల్లో క్రిమినల్ కేసులు వాదిస్తున్నాను. పని నేర్చుకోవడానికి నా దగ్గరికి వచ్చే లా విద్యార్థుల సంచుల్లో పరీక్షల గైడ్లే తప్ప చట్టం మూలపాఠం కనిపించదు. హత్యకు, హత్య కిందికి రాని నేరపూరిత నరహత్యకు తేడా అడిగితే కంఠస్థం చేసిన పట్టిక అప్పజెబుతారు. 1958 నాటి సుప్రీంకోర్టు విర్సా సింగ్ తీర్పు చదివావా బాబూ అంటే బిక్కమొహం! ఒకే ఒక్క బల్లెం పోటు హత్య ఎలా అవుతుందో జస్టిస్ వివియన్ బోస్ అందులో విడమరిచి చెప్పారు. అలాంటి తీర్పు ఒక్కటి నెమ్మదిగా చదివితే పది గైడ్ల పెట్టు.

2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత వచ్చింది కాబట్టి పాత శిక్షాస్మృతిని అటకెక్కించవచ్చని కొందరి ధీమా. అంతకుముందు జరిగిన నేరాలకు ఇప్పటికీ పాత సెక్షన్లే వర్తిస్తాయి. హత్యకు శిక్ష చెప్పే 302 ఇప్పుడు 103 అయింది, మోసానికి సంబంధించిన 420 వెళ్లి 318లో చేరింది (జనం నోట తిట్టుగా మాత్రం 420 పదిలం). రెండు చట్టాలూ పక్కపక్కన పెట్టుకుని చదవాల్సిందే.

ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో నెలకో తీర్పు చదివే ఏర్పాటు ఎవరైనా చేస్తే, చెప్పడానికి నేను వస్తాను. సాయంత్రం ఆరు దాటాకైతే మరీ మంచిది.

– ఒక న్యాయవాది, విశాఖపట్నం