ఉప్పుమడుల అతిథులనూ చూడండి

సంపాదకులకు,

చలికాలంలో తేలినీలాపురం పక్షుల విడిది కేంద్రంలో చింతచెట్ల కింద కార్లు బారులు తీరుతాయి. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు చూడదగ్గవే, కాదనను. కానీ సమీపంలోని నౌపడ ఉప్పుమడుల వైపు తొంగిచూసేవారు తక్కువ. సైబీరియా వంటి దూరప్రాంతాల నుంచి వచ్చే ఉల్లంకి పిట్టలు (నీటి ఒడ్డున తిరిగే చిన్న పక్షులు) ఆటు సమయంలో బురద నేలల్లో చెల్లాచెదురుగా మేస్తాయి. పోటు రాగానే మడిగట్ల మీద గుంపుగా చేరి విశ్రమిస్తాయి. చూడటానికి అదే అదను. సెల్ఫీల కోసం వాటిని తరిమి ఎగరగొట్టే మహానుభావులూ ఉన్నారు! అలా లేచిన ప్రతిసారీ తిరుగు ప్రయాణానికి దాచుకున్న కొవ్వు కరుగుతుంది.

అటవీశాఖ అక్కడ హెచ్చరిక బోర్డులు, దూరం నుంచి చూసేందుకు ఒక మంచె, పోటు వేళల పట్టిక ఏర్పాటు చేయాలి. ఉప్పు రైతులకే గైడ్లుగా శిక్షణ ఇస్తే ఇంకా మేలు. ఏ మడిలో ఏ పిట్ట వాలుతుందో వారికంటే ఎవరికి బాగా తెలుసు?

– ఒక పాఠకుడు, టెక్కలి, శ్రీకాకుళం జిల్లా