నాన్న ఊపిరితిత్తుల్లో మ్యాపు

ఒరేయ్ మ్యాపూ,

జవాబు ఇంత ఆలస్యం చేశానని తిట్టుకుంటూ ఉంటావు, తిట్టుకో. ఇంట్లో అందరూ క్షేమం, నా ఉద్యోగం ఎప్పటి గోలే. అసలు సంగతి నాన్నది.

ఆయన ఆయాసం నీకు తెలిసిందేగా, ఆ సీఓపీడీ, శ్వాసనాళాలు ఇరుకై గాలి సరిగ్గా ఆడని మొండి జబ్బు. దగ్గు ముదిరిందని సీటీ స్కాన్ తీస్తే కుడి ఊపిరితిత్తి పైభాగంలో 18 మిల్లీమీటర్ల నాడ్యూల్, అంటే చిన్న గడ్డ, కనబడింది. కోసి తీసేద్దామంటే, ఊపిరి బలం కొలిచే స్పైరోమెట్రీ చూసి సర్జన్ వద్దన్నాడు. చిన్న ముక్క తీసి పరీక్షించే బయాప్సీ మాత్రం తప్పదు. ఎలా తీస్తారన్న దగ్గరే నాకు నిద్ర కరువైంది.

మామూలుగా అయితే సీటీలో చూస్తూ పక్కటెముకల మధ్య నుంచి సూది దింపుతారు. ఆ చిల్లులోంచి గాలి జారి ఛాతీలో చేరితే ఊపిరితిత్తి ముడుచుకుపోతుంది. నీకో నాకో అయితే గొట్టం వేసి సరిచేస్తారు, తట్టుకుంటాం. నాన్నకి ఉన్నదే అంతంత మాత్రం! పైగా ఎంఫిసీమా, అంటే ఊపిరితిత్తుల్లో గాలి అరలు చెడి ఉబ్బడం, ఉంటే ఆ ప్రమాదం ఇంకా ఎక్కువట.

అప్పుడు ఛాతీ డాక్టరుగారు, "నోట్లోంచి శ్వాసనాళాల దారినే వెళ్దాం, సీటీతో ముందే మ్యాపు చేసుకుంటాం" అన్నారు. మ్యాపు అనగానే నాకు నవ్వాగలేదురా! చేతిలో మ్యాపు పెట్టుకుని దారి తప్పించి మనందర్నీ ఆ గేదె ముందు నిలబెట్టిన మహానుభావుడివి గుర్తొచ్చావు. డాక్టరుగారు ఏమనుకున్నారో పాపం.

ఈ పద్ధతిని నావిగేషన్ బ్రాంకోస్కోపీ అంటారు. 2025లో వెరిటాస్ అనే అధ్యయనం వచ్చింది, 10 నుంచి 30 మిల్లీమీటర్ల నాడ్యూల్స్ మీద. సూదితో చేసినవాళ్లలో 28.3 శాతం మందికి గాలి చేరితే, ఇందులో 3.3 శాతమే. జబ్బు తేల్చడంలోనూ ఇదేమీ వెనకబడలేదు.

తంటా ఏమిటంటే, సీటీ తీసేది ఊపిరి నిండా పీల్చి బిగబట్టినప్పుడు. మత్తులో ఊపిరితిత్తి కుంచించుకుపోయి నాడ్యూల్ ఉన్నచోట ఉండదు. మ్యాపు ఒకటి చెబితే దారి ఇంకొకటి! అందుకే లోపలికి సన్నటి అల్ట్రాసౌండ్ పంపి, ఎదురుగా ఉందని చూసుకున్నాకే ముక్క తీశారు. నా భయమల్లా మత్తు దిగాక సొంతంగా ఊపిరి తీస్తారా అని. తీశారు. కళ్లు తెరిచి, "సూది ఎప్పుడు పొడుస్తారు?" అన్నారు! ఎక్స్‌రేలో గాలి లేదు. కళ్లెలో కాస్త రక్తం, అంతే.

రిపోర్టు ఇంకా రాలేదు. క్యాన్సర్ కణాలు లేవని వచ్చినా ఎగిరి గంతెయ్యకూడదట, గురి తప్పినా అలాగే వస్తుందట. క్షయో ఫంగసో, ఏదో ఒకటని తేలాలి. తేలకపోతే మళ్లీ... వద్దులే, అది ఇప్పుడు రాయలేను.

నీ బండి సంగతి అడగాలనుకున్నా, ఇంతలో డాక్టరుగారు పిలుస్తున్నారు. రిపోర్టే అనుకుంటా. ఉంటానురా.

నీ
గేదె సాక్షి