ఆ విమానం ఎవరిదో చెప్పించండి: రికార్డుల అధికారి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధికారి గారికి,

మూడు అర్జీలకూ జవాబు రానందున అందరి ముందూ రాస్తున్నాను. మా నాన్నగారు హైదరాబాద్‌లో ఉంచిన ఒక ప్రైవేటు విమానానికి మెకానిక్‌. 14 నెలల జీతం బాకీ. ఆయనకు మిగిలింది నూనె మరకల డైరీ. ప్రతి పేజీ పైనా ‘ఎన్‌’తో మొదలయ్యే విమానం నంబరు. మన దేశపువి ‘వీటీ’తో మొదలవుతాయి, ‘ఎన్‌’ అంటే అమెరికా. అక్కడి రిజిస్టరు ఎవరైనా చూడవచ్చు. చూశాను. ఉన్నది ట్రస్టీ (అసలు యజమాని తరఫున విమానాన్ని తన పేరిట ఉంచుకునేవారు) పేరు, అసలు యజమానిది కాదు.

పౌర విమానయానంపై దేశాల మధ్య కుదిరిన 1944 షికాగో ఒప్పందం 21వ అధికరణం ప్రకారం ఒక దేశం అడిగితే మరో దేశం యాజమాన్య వివరాలు ఇవ్వాలి. ఆ అడిగే హక్కు నాకు లేదు, ప్రభుత్వానికి ఉంది.

నాన్నగారికి వారానికి మూడుసార్లు డయాలసిస్‌. ఆటో కిరాయికీ అప్పే.

ఆ వివరాలు తెప్పించి, విమానం ఇక్కడికి వచ్చినప్పుడు నమోదైన ఆపరేటర్‌ పేరుతో సహా 30 రోజుల్లో లిఖితపూర్వకంగా ఇవ్వాలని కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక మెకానిక్‌ కొడుకు, హైదరాబాద్‌